సివిల్ డిప్లొమా అయ్యాక క్వాంటిటీ సర్వేయింగ్‌కి పంపొచ్చా? పాలకొల్లు దగ్గర నుంచి ఓ తాపీమేస్త్రి గారి ప్రశ్న

ప్రశ్న: నేను తాపీమేస్త్రినండి, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా పాప పాలిటెక్నిక్‌లో సివిల్ ఫైనల్ ఇయర్ చదువుతోంది. దుబాయ్‌లో ఉండే మా బావమరిది క్వాంటిటీ సర్వేయర్ కోర్సు చేయించండి బావా, ఇక్కడికి తీసుకొచ్చేస్తా అంటున్నాడు. హైదరాబాద్‌లో మూడు నెలల కోర్సంట, ఫీజు గట్టిగానే చెప్తున్నారు. బీటెక్‌కి పంపాలా, దీనికి పంపాలా? ఇంతకీ ఈ పని మన ఊళ్ళల్లో ఎవరికి కావాలండి?

జవాబు: మేస్త్రీ గారూ, మీ ఆఖరి మాట దగ్గర మొదలెడతానండి, ఎందుకంటే ఈ పని, అంటే కట్టడంలో ఏది ఎంత పడుతుందో, ఎంత డబ్బవుతుందో లెక్కకట్టడం, మన డెల్టాలో ఇల్లు కట్టుకునే ప్రతి ఒక్కళ్ళకీ కావాలి, కాకపోతే అది కావాలని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు అంతే.

ఓ లెక్క చూద్దాం. ఒకాయన 5 సెంట్ల స్థలం కొన్నాడు, 2,178 చదరపు అడుగులు, రోడ్డు కంటే పల్లంలో ఉంది, మూడడుగులు మెరక చెయ్యాలి. అంటే 6,534 ఘనపుటడుగులు, వందకి ఒక యూనిట్ చొప్పున 65 యూనిట్ల పైమాటే. కానీ అది నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టి దిగాక ఉండాల్సిన లెక్క కదండీ, ట్రాక్టర్లో వచ్చే బుసకైనా గ్రావెల్ అయినా వదులుగా వస్తుంది, ఐదో వంతు దిగిందనుకుంటే 82 యూనిట్ల దాకా తోలించాలి. ఆ తేడా ఓనరు గారి బడ్జెట్లో ఉండదు. కాంట్రాక్టరు ఎస్‌ఎఫ్‌టీకి (చదరపు అడుగుకి) ఇంత అని చెప్పిన రేటులో అసలు మెరకే ఉండకపోవచ్చు, సెప్టిక్ ట్యాంకు, సంపు, ప్రహరీ, మెట్ల రెయిలింగు కూడా చాలాసార్లు ఉండవు, బాల్కనీ, సన్‌షేడు ఎస్‌ఎఫ్‌టీలో కలిపారో లేదో శ్లాబు పడ్డాక గానీ తెలీదు. అప్పుడు మొదలవుతాయి గొడవలు, మీరు ఎన్ని చూసుంటారో నేను చెప్పక్కర్లేదు.

క్వాంటిటీ సర్వేయర్ చేసేదల్లా డ్రాయింగు చూసి పని మొత్తాన్ని ఐటెం ఐటెంగా విడగొట్టి, ఏది ఎంత, ఏ రేటు, ఎంత డబ్బు అని ముందే కాగితం మీద పెట్టడం. దాన్నే బీవోక్యూ (బిల్ ఆఫ్ క్వాంటిటీస్) అంటారు. అదే కాగితం ముగ్గురు కాంట్రాక్టర్లకి ఇచ్చి రేట్లు అడిగితే అప్పుడు ఎవరిది తక్కువో నిజంగా తెలుస్తుంది, ఒట్టి ఎస్‌ఎఫ్‌టీ రేట్లు పక్కపక్కన పెడితే తెలీదు.

తర్వాత పని నడిచేటప్పుడు కొలతలు. ఇక్కడే అసలు విద్య ఉందండి. మన నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకి బీటలిస్తుంది కాబట్టి చాలాచోట్ల పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) వేస్తారు, డ్రాయింగులో ఒక లోతు ఉంటుంది, సైట్లో గట్టి నేల ఇంకో లోతులో తగులుతుంది. కాంక్రీటు పోసేశాక ఎవరూ కొలవలేరు. కప్పడిపోయే ప్రతి పనినీ కప్పకముందే రెండు పార్టీల వాళ్ళూ నిలబడి కొలిచి సంతకాలు పెట్టుకోవాలి, గవర్నమెంటు పనుల్లో ఎం-బుక్ (కొలతల పుస్తకం) ఉండేది అందుకే. కొలిచే పద్ధతికి కూడా రూల్సున్నాయి, ఐఎస్ 1200 అనే ఇండియన్ స్టాండర్డ్. ఉదాహరణకి మూడడుగుల వెడల్పు ఏడడుగుల ఎత్తు గుమ్మం ఉంటే, గోడకి రెండు పక్కలా ఒకే ప్లాస్టరింగ్ అయితే ప్లాస్టరింగ్ కొలతలోంచి గుమ్మం ఖాళీని ఒక పక్క మాత్రమే తీసేస్తారు, రెండో పక్కది గుమ్మం లోపలి అంచుల ప్లాస్టరింగ్‌కి సరిపెడతారు, 3 చదరపు మీటర్లు దాటిన ఓపెనింగ్ అయితేనే రెండు పక్కలా తీసేసి ఆ అంచుల పనిని విడిగా కలుపుతారు. ఇది తెలీక తాపీమేస్త్రికీ ఓనరుకీ ఎన్ని తగాదాలో.

ఇక అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళ సంగతి. రెరా చట్టం (ఫ్లాట్లు కొనేవాళ్ళ రక్షణకి పెట్టింది), 2016ది, కొన్నవాళ్ళ దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం విడి అకౌంట్లో పెట్టమంటుంది, పని ఎంతయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫై చేశాకే ఆ మేరకు తియ్యాలి. పని ఎంతయిందో కొలిచి చెప్పేవాళ్ళు లేకపోతే బిల్డరుకి డబ్బు ఆగుతుంది. ఫ్లాట్ మీద పెట్టుబడి పెట్టేవాళ్ళకి కూడా ఇదే అక్కర, వాళ్ళు కార్పెట్ ఏరియా (ఫ్లాట్ లోపల నిజంగా వాడుకునే జాగా) లెక్క, పని ఏ స్టేజిలో ఉందో ఆ లెక్క చూసుకుని డబ్బు కట్టాలి. భీమవరం, రాజమండ్రిల్లో పాపకి పని దొరకదని భయపడకండి. బిల్లింగ్ ఇంజనీర్ అన్న పేరుతో దొరుకుతుంది.

ఇప్పుడు చదువు. నా మాట బీటెక్‌కే అండి. ఈసెట్ (డిప్లొమా వాళ్ళకి పెట్టే ప్రవేశ పరీక్ష) రాస్తే నేరుగా సెకండ్ ఇయర్లో చేరుతుంది, ఒక ఏడాది కలిసొస్తుంది. డిగ్రీ ఉంటే తర్వాత నిక్‌మార్ (నిర్మాణ మేనేజ్‌మెంట్ చెప్పే సంస్థ) లాంటి చోట పీజీకి దారి ఉంటుంది. బావమరిది గారు చెప్పే పెద్ద జీతాల ఉద్యోగాలకి చాలావరకు ఆర్‌ఐసీఎస్ మెంబర్‌షిప్ చూస్తారు, అది 1868లో లండన్‌లో పెట్టిన సర్వేయర్ల సంస్థ, ఏళ్ళ అనుభవం చూపించి వాళ్ళ అసెస్‌మెంట్ పాసవ్వాలి, మూడు నెలల సర్టిఫికెట్టుతో రాదు.

పాపా, ఈ ముక్క నీకు. గల్ఫ్ ప్రాజెక్టుల్లో ఫిడిక్ (అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం) తయారుచేసిన నమూనా కాంట్రాక్టులు ఎక్కువ. వాళ్ళ 1999 రెడ్ బుక్ అనే నమూనా ప్రకారం కాంట్రాక్టరుకి అదనపు డబ్బో టైమో కావాలంటే విషయం తెలిసిన 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, ఇవ్వకపోతే హక్కే పోతుంది. ఆ నోటీసు ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాసేవాళ్ళకే అక్కడ విలువ. కాబట్టి ఎక్సెల్, ఆటోక్యాడ్‌తో పాటు ఇంగ్లీషులో ఉత్తరం రాయడం ఇప్పట్నుంచే నేర్చుకో అమ్మా. సైట్‌కి వెళ్ళడానికి మొహమాటపడకు, నాన్న ఉన్నారు కదా.

మేస్త్రీ గారూ, మీ దగ్గరున్నది ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ లేదండి. ఇప్పుడు మీరు కడుతున్న ఇంటి డ్రాయింగు ఓనరు గారిని అడిగి పాపకివ్వండి. ఇటుకలు, సిమెంటు, ఇనుము అన్నీ తనే లెక్కకట్టాలి. ఊచ సైజుని ఎంఎంలో దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది, 12 ఎంఎం అయితే 0.888 కేజీ, 12 మీటర్ల ఊచ ఒకటి 10.66 కేజీలు, ఇలా మొత్తం చేసి ఇల్లయ్యాక నిజంగా కొన్న బిల్లులతో పోల్చుకోవాలి. ఎక్కడ తేడా వచ్చింది, వేస్టేజా, కొలత తప్పా, మధ్యలో ఓనరు గారు గది పెంచారా, అది మీరిద్దరూ కూర్చుని చూడండి.

అప్పటికీ ఆ మూడు నెలల కోర్సు మీద మనసుంటే ఫీజు కట్టే ముందు ఒకటే అడగండి, ఒక బిల్డింగ్ మొత్తం పునాది నుంచి పెయింట్ దాకా పిల్లలతో కొలిపిస్తారా, ఐఎస్ 1200 చెప్తారా అని. సాఫ్ట్‌వేర్ల పేర్లు, ప్లేస్‌మెంట్ ఫోటోలు తప్ప ఇంకేం చెప్పకపోతే ఆ డబ్బు ఈసెట్ కోచింగ్‌కి పెట్టండి.