ఎన్నారై సందేహాలు: ఎమ్మారై పరిశోధనకు ఏ ప్రయోగశాల?

సందేహం: తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ ఎం.టెక్. పూర్తిచేశాను. ఎమ్మారై చిత్రణ పద్ధతులపై పీహెచ్‌డీకి జర్మనీలో రెండు చోట్ల పిలుపు వచ్చింది. ఒకచోట 7 టెస్లాల స్కానర్ ఉంది, రెండోచోట 3 టెస్లాలది. ఏది మేలు?

సమాధానం: నేనూ తిరుపతి బైరాగిపట్టెడ నుంచి వచ్చి, ఇదే రంగంలో, ఇదే దేశంలో పీహెచ్‌డీ చేసి స్థిరపడినవాణ్ణి కాబట్టి చనువుగా చెబుతున్నాను. టెస్లాల్లో చెప్పే అయస్కాంతం బలం లెక్క కాసేపు పక్కన పెట్టి, వారానికి ఎన్ని గంటలు ఆ స్కానర్ మీ చేతికి ఇస్తారో ముందు అడగండి. ఆసుపత్రితో ఉమ్మడిగా వాడే స్కానరైతే పగలంతా రోగులకే సరిపోతుంది. విద్యార్థికి మిగిలేవి రాత్రులూ, శని ఆదివారాలే.

7 టెస్లాలను తక్కువ చేయడం లేదు. అయితే అక్కడ హైడ్రోజన్ కేంద్రకాలు సుమారు 298 మెగాహెర్ట్జ్ వద్ద స్పందిస్తాయి. ఆ రేడియో తరంగం పొడవు మెదడులో పన్నెండు, పదమూడు సెంటీమీటర్లకు కుదించుకుపోయి తల కొలతకు దగ్గరపడుతుంది. దాంతో రేడియో క్షేత్రం సమంగా పరుచుకోక, బొమ్మలో ఒకచోట వెలుగు, మరోచోట మసక వస్తాయి. శరీరం వేడెక్కకుండా పెట్టిన పరిమితి కూడా త్వరగా అడ్డొస్తుంది. వేగంగా తీసే పద్ధతి కనిపెడదామని వెళ్లినవారు ఆ మసకను దిద్దడంలోనే ఏడాది గడపవలసి రావచ్చు. మీకిష్టమైన సమస్య అదే అయితే నిశ్చింతగా వెళ్లండి.

వేగం అవసరం ఎంతో నాకు తిరుపతిలోనే తెలిసింది. మా అమ్మకు మోకాలి స్కాన్ తీయిస్తుంటే, నొప్పికి ఆమె కాలు కాస్త కదిపినందుకు ఒక వరుస చిత్రాలన్నీ మళ్లీ తీయవలసి వచ్చింది. ఈ యంత్రం ఫొటో తీసినట్టు ఒక్కసారిగా బొమ్మ తీయదు. కె-స్పేస్ అనే లెక్కల పట్టికను వరుస తర్వాత వరుసగా నింపుకుంటూ పోతుంది. పట్టిక నడుమ తెలుపు నలుపుల తేడా, అంచుల్లో సన్నని వివరాలు ఉంటాయి. కొన్ని వరుసలు వదిలేసినా బొమ్మను లెక్కతో రాబట్టడమే 1999 నాటి సెన్స్, 2002 నాటి గ్రాపా, 2007 నాటి కంప్రెస్డ్ సెన్సింగ్ పద్ధతులు చేసిన పని. ఇటువంటిది మీరూ చేయాలంటే ఆ ప్రయోగశాలకు తయారీ సంస్థతో పరిశోధన ఒప్పందం ఉండి, స్కానర్ ఏ క్రమంలో సంకేతాలు పంపి అందుకోవాలో చెప్పే సీక్వెన్స్ ప్రోగ్రాము మార్చే వీలుండాలి. లేకపోతే ఇతరులు తీసిన డేటాతో సరిపెట్టుకోవలసిందే.

గంటల విషయంలో నా పట్టుదలకు ఇంకో కారణముంది. మొదటి ఏడాది, మన ఊళ్లో చైనా గ్రాస్ అని అమ్మే అగర్‌నే ఉడికించి, సీసాలో పోసి, మనిషికి బదులుగా స్కాన్ చేసే ఫాంటమ్ తయారుచేసుకున్నాను. బొమ్మలో శనగగింజంత నల్ల మచ్చలు కనిపిస్తే, ప్రోగ్రాములో తప్పనుకొని మూడు వారాలు వెతికాను. చివరికి సీసాను వెలుతురుకెత్తి చూస్తే లోపల ఆవగింజంత గాలి బుడగలు. గాలి పక్కన అయస్కాంత క్షేత్రం చెదిరి, మచ్చ బుడగకన్నా పెద్దదిగా పడుతుందన్నమాట. వేరే సీసా చేసుకుని మళ్లీ తీద్దామంటే, నా వంతు రావడానికి ఇంకో పదకొండు రోజులు పట్టింది.

జర్మనీలో చాలా పీహెచ్‌డీ స్థానాలు అక్కడి రాష్ట్రాల ప్రభుత్వోద్యోగులకు వర్తించే టీవీ-ఎల్ 13 వేతన శ్రేణిలోని ఉద్యోగాలే. పూర్తి జీతమా, 65 శాతమా, 75 శాతమా, ఎన్నేళ్లకు అన్నది కాగితం మీద చూసుకోండి. థీసిస్ ఇంగ్లీషులో రాయవచ్చు గానీ, స్కానర్ లోపల పడుకున్న వాలంటీరు బెదిరిపోతే ధైర్యం చెప్పవలసింది జర్మన్‌లోనే కాబట్టి, ఆ భాష ఇప్పుడే మొదలుపెట్టండి.

బయలుదేరేలోగా తిరుపతిలో ఏదైనా స్కాన్ సెంటర్‌లో అనుమతి తీసుకుని ఒక పూట కూర్చోండి. మెట్టెలు, జడపిన్నులు, మొలతాడుకున్న తాయెత్తు అడిగి అడిగి తీయించే ఆ టెక్నీషియన్ దగ్గర నేర్చుకునేది చాలా ఉంది. ఉచితంగా దొరికే, బొమ్మను లెక్కతో రాబట్టే బార్ట్, సీక్వెన్స్‌లు రాసే పల్సెక్ ప్రోగ్రాములతో ఇంట్లోనే సాధన చేయవచ్చు. ఇక ఆ రెండు చోట్లా ప్రొఫెసర్ లేని సమయంలో విద్యార్థులతో విడిగా మాట్లాడి, పోయిన నెలలో ఒక్కొక్కరికి స్కానర్ ఎన్ని గంటలు దొరికిందో కనుక్కోండి.