పెట్ క్లినిక్కా, వీఏఎస్ ఉద్యోగమా? రెండూ చేసినదాన్ని, చెప్తా

బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను, హైదరాబాద్‌లో పెట్ క్లినిక్‌లో చేరాలా లేక వీఏఎస్ (ప్రభుత్వ వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్) పోస్టుకి చదవాలా, ఎక్కడైతే ఎదుగుతాను అని అడిగారు. నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివి, ముందు క్లినిక్కుల్లో చేసి, తర్వాత పశుసంవర్ధక శాఖకి వచ్చాను.

ఎదుగుదల అంటే మీకు పని బాగా రావడమా, పైకుర్చీ రావడమా? మన వృత్తిలో ఈ రెండూ కలిసి రావు. వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్నంతకాలం దూడ అడ్డం తిరిగిన కేసులు, మాయ పడని గేదెలు, పొదుగువాపులు, చూలు పరీక్షలు అన్నీ మీ చేతి మీదే. ప్రమోషన్‌తో ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) అయితే ఆసుపత్రిలో వేస్తే కొంత నయం, లేదంటే గాలికుంటు టీకాల లెక్కలు, రిపోర్టులు, వీడియో కాన్ఫరెన్సులు. ఆ పైన డీడీ (డిప్యూటీ డైరెక్టర్), జేడీ (జాయింట్ డైరెక్టర్) అంటే ఇక ఫైళ్లే. నాకు తెలిసిన మంచి సర్జన్లు కొందరు ప్రమోషన్ వచ్చాక కత్తి పట్టనే లేదు. అదేం తప్పు కాదు, కొందరికి ఆ పనే నచ్చుతుంది, కానీ ముందే తెలిసి వెళ్లడం వేరు.

క్లినిక్‌లో అసలు మెట్లే ఉండవు. ఓనర్ డాక్టర్ ఒకరు, మిగతా అందరూ అసిస్టెంట్లు. నేను మొదట చేరిన చోట స్పే ఆపరేషన్లన్నీ (ఆడ కుక్కలకి, పిల్లులకి పిల్లలు పుట్టకుండా చేసేవి) ఓనరే చేసేవారు, మాకు మాత్రం పార్వో వైరస్‌తో వాంతులు, విరేచనాలు పట్టుకున్న కుక్కపిల్లలకి డ్రిప్పులు పెట్టడం, టీకాలు వేయడం, గోళ్లు కత్తిరించడం, బిల్లు చూసి అరిచేవాళ్లకి సర్దిచెప్పడం, పైగా రాత్రి కేసులు. రెండో చోట జీతం ఇంకా తక్కువ, కానీ అక్కడి మేడమ్ పక్కన నిలబడి నాచేతే చేయించేవారు. నేను నేర్చుకున్నదంతా అక్కడే. అందుకే ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు రెండు అడగండి: ఆరు నెలల తర్వాత నేను సొంతంగా ఏ ఆపరేషన్ చేస్తాను, రాత్రి కష్టమైన కేసు వస్తే నాకు ఎవరు తోడుంటారు? జవాబు నసిగితే వచ్చేయండి.

వీఏఎస్‌గా మండలంలో వాతావరణం ఇంకోలా ఉంటుంది. కొత్తలో రైతు మిమ్మల్ని దాటుకుని కంపౌండర్ దగ్గరికే వెళ్తాడు. అమ్మాయిలైతే మరీనూ, "డాక్టరుగారు లేరామ్మా?" అని మిమ్మల్నే అడుగుతారు! కోపం తెచ్చుకోకండి. ఈనాక పాల జ్వరంతో పడిపోయిన గేదెకి కాల్షియం నరానికి మెల్లగా ఎక్కించి, అది వాళ్ల కళ్లముందే లేచి నిలబడితే చాలు, మర్నాటి నుంచి ఫోన్లు ఆగవు. గోపాలమిత్రలతోనూ (ఊళ్లల్లో పశువులకి మొదటి సాయం చేసేవాళ్లు) గొడవ వద్దు. వాళ్ల శిక్షణ ఎద సూదులకీ (కృత్రిమ గర్భధారణ) ప్రథమ చికిత్సకీ మాత్రమే అయినా కొందరు యాంటీబయాటిక్ కూడా వేసి, కేసు ముదిరాక మన దగ్గరికి పంపుతారు, నిజమే. కానీ ఊళ్లో ముందు చూసేది వాళ్లే కాబట్టి ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలో చెప్పి ఉంచండి, కేసులు వాళ్లే తెస్తారు.

చేతి పని మీద ఇష్టం ఉంటే మాత్రం, నా మాట వినండి, సర్జరీలోనో గైనకాలజీలోనో ఎంవీఎస్సీ (రెండేళ్ల పీజీ) చేసేయండి. తిరుపతి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి, ర్యాంకు వస్తే యూపీలోని ఇజ్జత్‌నగర్ ఐవీఆర్ఐ (జాతీయ పశువైద్య పరిశోధన సంస్థ). క్లినిక్‌లో మెట్లు లేవన్నాను కదా, స్పెషలైజేషన్ ఉన్నవాళ్లకి మిగతా క్లినిక్కులే కేసులు పంపుతాయి, అదొక్కటే మెట్టు. ఆ రెండేళ్లు స్నేహితులు జీతాలు తీసుకుంటుంటే మీరు స్టైపెండ్‌తో నెట్టుకురావాలి, ఇంట్లో కూడా టెన్షన్ పెడతారు.

ఎక్కడ చేరినా రేబీస్ టీకా ముందే వేయించుకోండి, 0, 7 రోజుల్లోనూ, మళ్లీ 21 లేదా 28వ రోజునా. ఈడ్చుకుపోయిన (చూలు పోయిన) కేసుల్లో, మాయ తీసేటప్పుడు భుజం దాకా గ్లవ్స్ లేకుండా చేయి పెట్టొద్దు, పశువుల నుంచి మనకీ అంటుకునే బ్రూసెల్లా జబ్బుకి మనుషులకి టీకా లేదు. గ్లవ్స్ సప్లై రాలేదంటే సొంత డబ్బుతో కొనుక్కోండి.