అమెరికా నుంచి 4కే బ్లూ-రే ప్లేయర్ తెప్పించుకోవచ్చా?

ప్రశ్న: ఇటీవల 55 అంగుళాల 4కే టీవీ కొన్నాం. డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయి ఈసారి వచ్చేటప్పుడు 4కే బ్లూ-రే ప్లేయర్, కొన్ని డిస్కులు తెస్తానంటున్నాడు. అక్కడి డిస్కులు ఇక్కడ ప్లే అవుతాయా? ఓటీటీ ఉండగా అసలు డిస్కు అవసరమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ కోడ్ (డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే గుర్తు) ఉండదు కాబట్టి అమెరికాలో కొన్నవి ఇక్కడ నిక్షేపంగా ప్లే అవుతాయి. చిక్కంతా మామూలు బ్లూ-రేలు, డీవీడీలతోనే. బ్లూ-రేకు అమెరికా ‘ఎ’ రీజియన్, మన దేశం ‘సి’. డీవీడీకి అమెరికా 1, మనది 5. అక్కడ అమ్మే ప్లేయర్ సాధారణంగా అక్కడి కోడ్‌నే అంగీకరిస్తుంది గనుక, ఇంట్లోని పాత డీవీడీల కోసం పాత ప్లేయర్‌ను అట్టేపెట్టుకోండి. అంతకన్నా ముఖ్యం కరెంటు సంగతి. కొత్త ప్లేయర్ వెనుక 100–240 వోల్టులు అని ముద్రించి ఉంటేనే తెమ్మనండి. 120 అని మాత్రమే ఉన్నదాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇక అవసరమా అన్న ప్రశ్న. ఓటీటీలోనూ డిస్కులోనూ 4కే అన్న మాట ఒకటే అయినా, తెర మీదికి వచ్చే సమాచారం ఒకటి కాదు. 4కే చూడటానికి నెట్‌ఫ్లిక్స్ సిఫారసు చేసే ఇంటర్నెట్ వేగం సెకనుకు 15 మెగాబిట్లు కాగా, 100 గిగాబైట్ల డిస్కు సెకనుకు 128 మెగాబిట్ల దాకా అందించగలదు. చీకటి సన్నివేశాల్లో, పొగమంచులో, జోరువానలో ఓటీటీ బొమ్మ చారలుగా, గళ్లుగా విడిపోవడం మీరు గమనించే ఉంటారు. డిస్కులో ఆ లోపం చాలావరకు కనిపించదు. ధ్వనిలో తేడా ఇంకా ఎక్కువ. అయితే టీవీ స్పీకర్లతోనే చూసేవారికి అది దాదాపు తెలియదు.

ఇంత నాణ్యత ఉన్నా ఈ డిస్కు ఇంటింటికీ చేరకపోవడానికి కారణాలున్నాయి. 2006లో డీవీడీ తర్వాతి తరం డిస్కు స్థానం కోసం తోషిబా పక్షాన హెచ్‌డీ డీవీడీ, సోనీ పక్షాన బ్లూ-రే పోటీపడ్డాయి. ఏది నిలుస్తుందో తేలక చాలామంది కొనడం వాయిదా వేశారు. 2008 జనవరిలో హాలీవుడ్ చిత్రసంస్థ వార్నర్ బ్లూ-రే వైపు మొగ్గడంతో ఫిబ్రవరిలో తోషిబా తప్పుకుంది. కానీ నెట్‌ఫ్లిక్స్ అప్పటికే, 2007లోనే, ఇంటర్నెట్‌లో సినిమాలు చూపడం మొదలుపెట్టింది. మన దగ్గర మోజర్ బేర్ సంస్థ 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మిన రోజులవి. ఖరీదైన బ్లూ-రే ఆ ధరల ముందు నిలవలేకపోయింది. 4కే డిస్కు 2016లో వచ్చింది. మూడేళ్లకే శాంసంగ్ అమెరికా మార్కెట్‌కు కొత్త ప్లేయర్లు తేవడం మానేసింది. పాత తెలుగు చిత్రాలు 4కేలో థియేటర్లకు మళ్లీ వస్తున్నా, అవి డిస్కుగా దొరకడం అరుదు కావడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

కాబట్టి మీరు మళ్లీ మళ్లీ చూసే ఆంగ్ల చిత్రాలు ఉండి, మంచి సౌండ్ సిస్టమ్ కూడా ఉంటే తప్పక తెప్పించుకోండి. తెలుగు సినిమాల కోసమే అయితే వద్దు. ఇంట్లో వీడియో గేములాడే యంత్రాలైన, డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 గానీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ ఉంటే అవే 4కే డిస్కులను ప్లే చేస్తాయి, వేరే ప్లేయర్ అక్కర్లేదు.