గోల్ఫ్ కోర్సు పక్కన స్థలం కొనే ముందు

విజయనగరం

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వూ అల్లుడుగారూ భోగాపురం వైపు చూసొచ్చిన స్థలం కాగితాలు చూశాను. గోల్ఫ్ కోర్సు పక్కన అనీసి గజానికి ఎక్కువ చెప్తున్నారు. కోర్సు ఇంకా ప్లానులోనే ఉంది, గడ్డి వెయ్యలేదు. నా మాట ముందే చెప్పేస్తాను. ఆ పచ్చదనానికి డబ్బు కట్టేది మీరు, కానీ మీ సేల్ డీడ్‌లో ఒక్క గరికపోచ కూడా మీ పేర రాయరు. అందుకని మీ ప్లాటు కన్నా ముందు ఆ మైదానం సంగతి తేల్చుకోండి.

మంచి లేదనను, చాలా ఉంది. కోర్సు ఉన్నన్నాళ్లూ ఎదురుగా ఇంకొకళ్ల ఇల్లు లేవదు. మే నెల ఉక్కపోతలో సాయంత్రం సముద్రపు గాలి అడ్డు లేకుండా ఇంట్లోకొస్తుంది. లారీలు, దుమ్ము ఉండవు. చీకటి పడితే ఆట ఉండదు కాబట్టి రాత్రి ప్రశాంతం. పిట్టలు వస్తాయి. ఒక్కటి గుర్తుపెట్టుకో, పొద్దున్న నడకకి ఆ గడ్డిలోకి వెళ్లొచ్చనుకోకు. ఆట జరుగుతుండగా లోపల నడిస్తే ప్రమాదం, చాలాచోట్ల రానివ్వరు కూడా.

ఇక మైదానం ఎవరిది అన్నది. 18 హోల్స్ (బంతి పడాల్సిన గుంతలు) కోర్సుకి 120 నుంచి 150 ఎకరాలు కావాలి, 9 హోల్స్ అయినా అందులో సగం. అంత భూమి కంపెనీ సొంతమా, లీజా? లీజైతే ఎన్నేళ్లకి? ఆ సర్వే నంబర్లన్నిటికీ ఈసీ (భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీయించండి, రెవెన్యూ రికార్డులు 1బి, అడంగల్ చూడండి, బ్యాంకులో తాకట్టు ఉందేమో చూడండి. సర్కారు పేదలకిచ్చిన డీ-పట్టా భూమి ఏదైనా కలిసిందేమో, రిజిస్ట్రేషను నిషేధించిన 22ఎ జాబితాలో నంబరుందేమో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. మీ ప్లాటు నంబరు ఒక్కటే చూసి తిరిగొచ్చేస్తే సగం పనే అయినట్టు.

ఆమోదించిన లేఅవుట్ ప్లానులో కోర్సు ఉన్నచోట ఏం రాశారో అద్దం పెట్టి చదవండి. పార్కులకని వదిలే 10 శాతం ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్ మీద పంచాయతీకి వెళ్తుంది, అందులో ప్లాట్లు వెయ్యలేరు. గోల్ఫ్ కోర్సు ఆ లెక్కలోది కాదు. దాని మీద 'భవిష్యత్ అభివృద్ధి' అనో 'యజమానికి చెందినది' అనో ఉంటే రేపు అక్కడ అపార్ట్‌మెంట్లు లేచినా మీరు ఆపలేరు. కోర్సు నడవాలంటే సభ్యులుండాలి. సభ్యులు తగ్గితే ముందు ఆగేది నీళ్లు పెట్టడం. రెండు వేసవులు నీళ్లు ఆగితే సర్కారు తుమ్మ లేస్తుంది, మీరు ఎక్కువిచ్చిన ధర దాంతోపాటే పోతుంది.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేనిదే రూపాయి ఇవ్వొద్దు. 2016 రెరా చట్టంలో మీకు పనికొచ్చేవి మూడున్నాయి. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు, అది సెక్షన్ 13. మంజూరైన ప్లాను మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అది సెక్షన్ 14. బ్రోషర్లో చూపించింది అబద్ధమైతే నష్టపరిహారం అడగొచ్చు, వడ్డీతో డబ్బు వెనక్కి తీసుకుని బయటికి రావచ్చు, అది సెక్షన్ 12. కాబట్టి ఆ బ్రోషరు, వాట్సాప్‌లో వాళ్లు పంపిన మాటలు, వీడియోలు ఏవీ చెరపకండి.

తర్వాతది బంతులు. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకి మించదు, అడ్డంగా 42.67 మిల్లీమీటర్లకి తగ్గదు. గులకరాయంత గట్టిది. మామూలు ఆటగాడు గట్టిగా కొడితే గంటకి 200 కిలోమీటర్ల వేగంతో బయల్దేరుతుంది, దిగేటప్పటికీ 100 దగ్గర ఉంటుంది.

మొదటి దెబ్బ కొట్టే గట్టుని టీ అంటారు, చివర గుంత ఉండే నున్నటి చోటు గ్రీన్, మధ్యలో పొడుగాటి దారి ఫెయిర్‌వే. టీ మీద నిలబడి గ్రీన్ వైపు చూసినప్పుడు ఫెయిర్‌వేకి కుడిపక్కనున్న ఇళ్లకే దెబ్బలెక్కువ. ఆడేవాళ్లలో ఎక్కువమంది కుడిచేతి వాటం. అలవాటు లేనివాడు కొట్టేటప్పుడు కర్ర మొహం కాస్త తెరుచుకుని బంతికి అడ్డంగా తిప్పు పడుతుంది, దాంతో అది అరటిపండులా కుడికి వంగిపోతుంది. టీ నుంచి 150 నుంచి 220 మీటర్ల దూరంలో, కుడిపక్కన ఉన్న ప్లాటు అన్నిటికన్నా చెడ్డది. ఫెయిర్‌వే మలుపు తిరిగే చోట లోపలి మూలనున్న ప్లాటూ అంతే, అడ్డదారిన దాటిద్దామని దాని మీదుగానే కొడతారు. గ్రీన్ వెనక దూరం ఎక్కువైన బంతులొస్తాయి. టీకి వెనకాల, పక్కన బంతుల బెడద తక్కువ, మాటల సందడి మాత్రం ఉంటుంది. మధ్యాహ్నం గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది కదా, ఆ గాలివాలున ఉన్న గోడకి ఇంకొన్ని ఎక్కువ చేరతాయి.

అందుకని టీలు, గ్రీన్‌లు ఎక్కడ వస్తాయో గీసిన డ్రాయింగు అడిగి, స్కేలు పెట్టి కొలవండి. ఫెయిర్‌వే నడిమి గీత నుంచి మీ గోడకి 50 మీటర్లు లేకపోతే వద్దు. కుడిపక్కైతే 60, 70 ఉండాలి. ఆ డ్రాయింగు ఇవ్వకపోతే బేరం అక్కడితో ఆపేయండి. అల్లుడుగారు ఒక ఆదివారం పొద్దున్న విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ వైపు వెళ్లి ఓ గంట చూసొస్తే బంతి ఎంత పక్కకి పోతుందో కళ్లకి తెలుస్తుంది.

ఇల్లు కట్టేటప్పుడు కోర్సు వైపు కిటికీలకి మామూలు అద్దం వద్దు. టఫెన్డ్ అద్దం పగిలితే గింజలుగా రాలిపోతుంది. రెండద్దాల మధ్య పొర ఉండే లామినేటెడ్ అద్దం పగిలినా చట్రంలోనే నిలుస్తుంది, పిల్లలున్న ఇంటికి అదే మేలు. పెంకులు వెయ్యొద్దు. సోలార్ ప్యానెళ్లు ఆ వాలున పెట్టొద్దు. వాటి వడగళ్ల పరీక్ష 25 మిల్లీమీటర్ల మంచుగుండుని సెకనుకి 23 మీటర్ల వేగంతో కొట్టి చేస్తారు. గోల్ఫ్ బంతి దానికి ఆరు రెట్ల బరువు.

వల కట్టాలంటే ఎండకి చివకని హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) వల, 25 మిల్లీమీటర్ల కన్ను ఉన్నది తీసుకోండి. బిగుతుగా లాగి కట్టకూడదు, వదులుగా వేలాడితేనే బంతి ఊపు చస్తుంది. ఉప్పుగాలికి మామూలు తీగ తుప్పు పడుతుంది, గాల్వనైజ్డ్ తాడు వాడాలి. తుపాను హెచ్చరిక రాగానే దింపేలా కప్పీలు పెట్టించండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ వచ్చిన తీరం మనది. ఖాళీ మైదానం అంచున గాలికి అడ్డేమీ ఉండదు, కట్టి ఉంచిన వల తెరచాపలా స్తంభాల్ని లాగి పడేస్తుంది. ఖర్చు తగ్గాలంటే గోడ బయట సరుగుడు రెండు వరసలు, మొక్కకీ మొక్కకీ మీటరు ఎడంతో వేయించమనండి. ఇంటికి దగ్గరగా మాత్రం వద్దు, పెద్దగాలికి విరుగుతుంది.

అద్దం పగిలితే ఎవరిస్తారు? కొట్టినవాడు దొరకడు, క్లబ్బు వాళ్లు మాది కాదంటారు. నష్టం ఎవరు కట్టాలో అగ్రిమెంటులోనే రాయించండి. ఇంటి బీమాలో అద్దాలు వస్తాయో లేదో పాలసీ చదివి తీసుకోండి.

నీళ్ల లెక్క చెప్తాను. ఎకరం గడ్డికి 5 మిల్లీమీటర్ల తడి పెట్టాలంటే 20 వేల లీటర్లు. 80 ఎకరాల గడ్డికి ఒక్క తడికి 16 లక్షల లీటర్లు. అది బోర్ల నుంచి తోడితే వేసవిలో మీ బోరు దిగిపోతుంది, తీరం దగ్గర కాబట్టి ఉప్పునీరు లోపలికొస్తుంది. శుద్ధి చేసిన మురుగునీరు వాడితే బోరు బతుకుతుంది, కానీ తుంపరలు పెట్టే వేళ వాసన ఉండొచ్చు. ఏ నీళ్లో రాతలో అడగండి. కొనే ముందు చుట్టుపక్కల బోరు నీళ్లు మే నెలలో పరీక్ష చేయించండి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, నైట్రేటు 45 దాటకూడదు. కోర్సు నడవడం మొదలయ్యాక ఏటా చేయించాలి, ఎరువు భూమిలోకి దిగితే ముందు పెరిగేది నైట్రేటే.

అక్కడ పరిచేది మన వినాయక చవితి గరిక జాతే, సంకరం చేసింది. గ్రీన్ మీద దాన్ని 3, 4 మిల్లీమీటర్ల ఎత్తుకి కోస్తారు. అంత పొట్టిగా ఉంచితే వానాకాలంలో బూజు తెగులు పడుతుంది, మందు కొడతారు. కోత, మందు రెండూ తెల్లవారుజామునే. ఆ వేళ గాలి నేల మీంచి సముద్రం వైపు పోతుంది కాబట్టి కోర్సుకి తూర్పున, ఆగ్నేయాన ఉన్న ఇళ్లకి ఆ వాసన తగులుతుంది. పిల్లాడికి ఆయాసం ఉందన్నావు, పడమటి వైపు ప్లాటే చూడండి. అయిదింటికే కోత మిషన్ల మోత మాత్రం ఎటున్నా తప్పదు.

చిన్నవి ఇంకొన్ని. చెరువులుంటే దోమలు, దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదులుతారా అని అడగండి. పొడుగు గడ్డిలో ఎలకలు, వాటికోసం పాములు. క్లబ్బులో పెళ్లిళ్లుంటే స్పీకర్లు, రాత్రి 10 దాటాక పెట్టకూడదని నిబంధన ఉంది. కోర్సు వైపు పొట్టి గోడే కట్టాలని, బట్టలు ఆరేయకూడదని అసోసియేషన్ షరతు పెట్టొచ్చు. మీ అత్తగారు ఏటా వడియాలు పెట్టే మనిషి, ముందే చదివి ఆవిడకి చెప్పు. నెలనెలా మెయింటెనెన్స్ గజానికెంత, క్లబ్బు సభ్యత్వం తప్పనిసరా అన్నదీ కాగితం మీద రాయించుకో.

పైడితల్లి సిరిమాను పండక్కి ఎలాగూ వస్తారు కదా. వచ్చేటప్పుడు ఆమోదించిన లేఅవుట్ ప్లాను, కోర్సు డ్రాయింగు, ఈసీలు జిరాక్సు తీసి పట్టుకురండి, కూర్చుని చూద్దాం. అందాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న