ఇంటి ఎలివేషన్‌కి సహజ రాయా, ఆర్టిఫిషియల్ స్టోనా?

బయటి గోడలకి సహజ రాయి వేయించాలా, ఆర్టిఫిషియల్ స్టోన్ సరిపోతుందా అని అడిగారు. మా ఇంటికి రెండూ వాడాం. కింద మనిషెత్తు వరకు సహజ రాయి, పై అంతస్తుకీ మెట్ల పక్క గోడకీ సిమెంటుతో పోతపోసిన రాయి. రెంటినీ కొన్నేళ్లుగా చూస్తున్నాను కాబట్టి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను: దెబ్బలు తగిలే చోట సహజ రాయే పెట్టండి.

ఎందుకంటే ఆర్టిఫిషియల్ స్టోన్ అంటే సిమెంటు, తేలికపాటి కంకర, ఐరన్ ఆక్సైడ్ రంగులు కలిపి అచ్చుల్లో పోసేది. చాలా రకాల్లో రంగు పైపొరకే ఉంటుంది. బీరువా పైకి ఎక్కిస్తుంటే మెట్ల మలుపులో మూలరాయికి తగిలి బొటనవేలంత పెచ్చు ఊడింది. లోపల ఉత్త బూడిదరంగు సిమెంటు. ఆ మచ్చ ఇప్పటికీ గేటు దగ్గర నుంచే కనిపిస్తుంది. కింది రాళ్లకీ పెచ్చులు ఊడాయి గానీ, లోపలా అదే రాయి కాబట్టి ఎక్కడ ఊడిందో వెతుక్కోవాలి.

అలాగని ఇల్లంతా సహజ రాయే వేయించమని అనను. 20 నుంచి 30 మిల్లీమీటర్ల మందం కోసిన రాయి చదరపు మీటరుకి 50 నుంచి 80 కేజీలు తూగుతుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ అంటుగచ్చు (రాయిని గోడకి అతికించే అడెసివ్) ఒక్కదాన్నే నమ్ముకోలేం, స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులు కావాలి. పోతపోసినది దీనికన్నా తేలిక, మూలలకి L ఆకారం ముక్కలు కూడా దొరుకుతాయి. కొనేముందు నాలుగైదు పెట్టెలు విప్పి నేల మీద పరిపించి చూడండి. అచ్చులు తక్కువైతే ఒకే రాయి పదే పదే కనపడి నకిలీ అని ఇట్టే తెలిసిపోతుంది. రాయిలా కనిపించేలా చేసిన ఫోమ్ ప్యానెళ్లు మాత్రం నేను బయటి గోడకి పెట్టను. ప్లాస్టిక్ కాబట్టి ఎండకి రంగు వెలుస్తుంది, మంటకి భయం.

సహజ రాయిలోనూ అన్నీ ఒకటి కాదు. శాంపిల్ మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. గ్రానైట్ మీద నిలబడతాయి, చాలా ఇసుకరాళ్ల మీద ఇంకిపోతాయి. నీళ్లు పీల్చే రాయికి గాలి ఆడనిచ్చే సీలర్ (నీళ్లు ఇంకకుండా పూసే పూత) కొట్టించాలి. అసలు పీల్చని రాయికి మామూలు సిమెంటు గచ్చు సరిగా పట్టదు, పాలిమర్ కలిసిన అంటుగచ్చు కావాలి. ఇనుము ఉన్న కొన్ని రాళ్లకి వాన తగిలేకొద్దీ తుప్పు చారలు దిగొచ్చు.

ఇక ఏది ఎంచుకున్నా, అసలు టెన్షన్ పడాల్సింది రాయి గురించి కాదు, దాని వెనక చేరే నీళ్ల గురించి. సందుల్లోంచి వాన నీరు కొంతైనా లోపలికి వెళ్తుంది. అది బయటికి రావడానికి దారి లేకపోతే గోడకి చెమ్మ, రాళ్ల మీద తెల్లటి ఉప్పు, చివరికి రాయి ఊడటం. అందుకే కిటికీల పైన ఫ్లాషింగ్ (నీటిని బయటికి మళ్లించే రేకు) పెట్టించండి. కింది వరస మట్టికి ఆనకుండా కనీసం 100 మిల్లీమీటర్లు, గచ్చు నేల అయితే 50 మిల్లీమీటర్లు ఎత్తులో మొదలవ్వాలి. మేస్త్రీ ప్రతి రాయి వెనక మొత్తం గచ్చు రాస్తున్నాడో, మధ్యలో నాలుగు ముద్దలు పెట్టి అతికిస్తున్నాడో దగ్గరుండి చూడండి. గచ్చు ఆరాక నాణెంతో కొట్టండి. డొల్లగా మోగితే తీయించి మళ్లీ పెట్టించాల్సిందే, మొహమాటపడొద్దు.

పని అయ్యాక మరకలు పోవాలని ఆసిడ్ పోయనివ్వకండి. సున్నపురాయినీ సిమెంటు రాయినీ రెంటినీ అది తినేస్తుంది. మెత్తటి బ్రష్షు, సబ్బు నీళ్లు చాలు. ఒక పెట్టె అదనంగా కొని దాచుకోండి, తర్వాతి బ్యాచ్ రంగు కలవకపోవచ్చు.