సిటీ కౌన్సిల్‌లో పోలీసుల ఆయుధాల గురించి అడగబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ ఊరి పోలీసు శాఖ బుల్లెట్‌ప్రూఫ్ వాహనం కొనడానికి అనుమతి కోరుతోందనీ, కౌన్సిల్ సమావేశంలో నువ్వు మాట్లాడదలచుకున్నావనీ రాశావు. చాలా సంతోషించాను. హెచ్1బీ వీసా మీద ఉన్నందువల్ల సంకోచించకు. కాలిఫోర్నియాలో ఆ సమావేశంలో మాట్లాడడానికి గానీ, ప్రభుత్వ రికార్డులు అడగడానికి గానీ పౌరసత్వం అక్కరలేదు. రికార్డులు ఎందుకు కావాలో చెప్పవలసిన పని కూడా లేదు.

నీకు అసలైన ఆధారం 2021లో వచ్చిన ఏబీ 481 అనే కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం. డ్రోన్లు, కవచ వాహనాలు, బాష్పవాయువు, పెద్ద చప్పుడుతో, మెరుపుతో దిమ్మెరపోయేలా చేసే ఫ్లాష్‌బ్యాంగ్ గ్రెనేడ్లు వంటి వాటిని ఎలా వాడతారో పోలీసులు ముందుగా రాతపూర్వకంగా చెప్పి, బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు వెబ్‌సైట్‌లో పెట్టి, కౌన్సిల్ ఆమోదం పొందాలి. ఆ తరువాత ఏటా నివేదిక ఇవ్వాలి. అందులో ప్రతి పరికరాన్నీ ఎందుకు వాడారో, ఎన్ని ఉన్నాయో, ఖర్చెంతో, ఆ డబ్బు ఎక్కడిదో, ఎటువంటి ఫిర్యాదులు వచ్చాయో ఉండాలి.

నిరుటి నివేదికను పెన్ను పట్టుకుని చదువు. "అవసరమైన సందర్భాల్లో వినియోగించాము" వంటి వాక్యం కనిపిస్తే అక్కడ గీత గీసి, ఎన్నిసార్లు, ఏ సందర్భంలో అని రాసుకో. తుపాకీతో ఇంట్లో దాక్కున్నవాణ్ణి లొంగదీయడానికి వాడడం వేరు, మాదకద్రవ్యాల సోదాకు వాడడం వేరు, శాంతియుత ప్రదర్శన ఎదుట నిలబెట్టడం మరీ వేరు. ఈ మూడింటినీ ఒకే లెక్కలో కలిపేస్తే ప్రజలకు ఏమీ తెలియదు. అన్నిటికంటే గట్టి ప్రశ్న చట్టంలోనే ఉంది: ఇంతే భద్రతను ఇవ్వగల సహేతుకమైన ప్రత్యామ్నాయం మరొకటి లేదని కౌన్సిల్ నిర్ధారించుకోవాలి. కాబట్టి కౌంటీ షెరీఫ్ (మన జిల్లా పోలీసు అధికారి వంటివారు) దగ్గర అటువంటి వాహనం ఉంటే దాన్ని అవసరమైనప్పుడు తెప్పించుకుంటే చాలదా అని అడుగు.

సైన్యం నుంచి ఉచితంగా వస్తుందని ఎవరైనా అంటే తొందరపడి తల ఊపకు. 1033 అనే ఫెడరల్ పథకం కింద మిగులు సామగ్రి ఊరికే వచ్చినా, రవాణా, నిర్వహణ ఖర్చులు ఊరి మీదే పడతాయి. 2014 ఆగస్టులో మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్‌లో, ఒక నల్లజాతి యువకుణ్ణి పోలీసు కాల్చి చంపినందుకు నిరసనలు జరిగినప్పుడు, వీధుల్లో సైనికుల్లా కనిపించిన పోలీసులను దేశమంతా చూసింది. అదే నెలలో కాలిఫోర్నియాలోని డేవిస్ సిటీ కౌన్సిల్, తమ పోలీసులకు వచ్చిన, మందుపాతరలను తట్టుకునే సైనిక వాహనాన్ని వదిలించుకోమని ఆదేశించింది. వాషింగ్టన్‌లోని ఫెడరల్ ప్రభుత్వ నిబంధనలు నిలకడగా ఉండవు: ఇటువంటి సామగ్రి మీద ఒబామా 2015లో పెట్టిన పరిమితులను ట్రంప్ 2017లో ఎత్తేశారు. అందుకే ఊరి కౌన్సిల్ మీదే నీ దృష్టి పెట్టమంటున్నాను.

పోలీసుల పట్ల చులకనగా మాత్రం మాట్లాడకు. 1997లో నార్త్ హాలీవుడ్‌లో ఒళ్లంతా కవచాలు తొడుక్కుని ఆటోమేటిక్ రైఫిళ్లతో వచ్చిన ఇద్దరు బ్యాంకు దొంగల మీద గస్తీ పోలీసుల పిస్తోళ్లు ప్రభావం చూపలేదు. పోలీసుల భయానికి కారణం ఉందని ఒప్పుకుని, ఆ తరువాతే లెక్క అడుగు. ఇటువంటి సమావేశాల్లో నేను గమనించినదేమంటే, కోపంగా మాట్లాడినవారికి ధన్యవాదాలు చెప్పి పంపేస్తారు. నిర్దిష్టమైన ప్రశ్న వేస్తే మాత్రం కౌన్సిల్ సభ్యులే పోలీసు అధికారి వైపు తిరిగి జవాబు అడుగుతారు.

రికార్డుల దరఖాస్తు ఈ వారమే పెట్టు. జవాబుకు 10 రోజుల గడువు ఉంటుంది, దాన్ని మరో 14 రోజులు పొడిగించుకోవచ్చు. ఎజెండా సమావేశానికి 72 గంటల ముందు వస్తుంది. జనం ఎక్కువైతే మాట్లాడే సమయాన్ని ఒక్క నిమిషానికి తగ్గించవచ్చు కనుక మూడు నిమిషాల ప్రసంగంతో పాటు నిమిషం ప్రసంగం కూడా రాసుకో. చిత్తుప్రతి పంపితే చూసి పెడతాను.

నీ మామయ్య