డాక్టర్ సలహా: 20 నెలల పాపను ఏ డే కేర్‌లో చేర్చాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నేను ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. మా వారు ఆమదాలవలసలో ఉపాధ్యాయులు. మా పాపకు 20 నెలలు. ఇన్నాళ్లూ మా అత్తగారు చూసుకున్నారు కానీ, ఆవిడకు మోకాలి ఆపరేషన్ కావడంతో ఇక పాపను ఎత్తుకోలేరు. రెండు డే కేర్ కేంద్రాలు చూశాం. ఒకటి కొత్త భవనంలో రెండో అంతస్తులో ఉంది. ఏసీ, బొమ్మల గోడలు, ఫోన్‌లో చూసుకునేలా సీసీ కెమెరాలు ఉన్నాయి. టీవీలో ఇంగ్లిష్ రైమ్స్ వేస్తారు. అక్కడ 25 మంది పిల్లలకు ఇద్దరు ఆయాలు. రెండోది పాత పెంకుటిల్లు, పెద్ద అరుగు, పెరడు. ఒక టీచరు, ఇద్దరు ఆయాలు కలిసి 12 మందిని చూస్తున్నారు. అక్కడ అక్షరాలు నేర్పరు. ఏది మంచిది? డే కేర్‌లో వేస్తే ఎప్పుడూ జలుబు, జ్వరాలేననీ, మాటలు కూడా ఆలస్యమవుతాయనీ బంధువులు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించినవి 25 మందికి ఇద్దరు, 12 మందికి ముగ్గురు అన్న ఆ రెండు లెక్కలే. రెండేళ్లు నిండని బిడ్డకు తినిపించాలి, కడగాలి, నిద్రపుచ్చాలి, ఏడిస్తే ఎత్తుకోవాలి. ఒక ఆయా ఒక బిడ్డకు డైపరు మారుస్తున్నంత సేపూ మిగిలిన 24 మందీ రెండో ఆయా చూపులోనే ఉండాలి. ఆ క్షణంలో ఆమెకు ఫోను వస్తే ఎవరి చూపులోనూ ఉండరు. ఏడాది దాటి మూడేళ్లు నిండని పిల్లలు నలుగురికి ఒక పెద్ద మనిషి ఉండాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. మన దేశంలో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించిన తరువాత కేంద్రం 2018లో విడుదల చేసిన శిశుగృహాల (క్రెష్‌ల) మార్గదర్శకాలు మరికొంత సడలించి, మూడేళ్ల లోపు పిల్లలు పది మందికి ఒక శిక్షణ పొందిన కార్యకర్త, ఒక సహాయకురాలు ఉండాలంటాయి. మొదటి కేంద్రంలోని పిల్లలు చాలామంది మీ పాప వయసు వారే అయితే అది ఈ సడలించిన ప్రమాణాన్ని కూడా అందుకోవడం లేదు. కాబట్టి నా మొగ్గు రెండో కేంద్రం వైపే. అయితే కింద చెప్పే విషయాలు స్వయంగా చూసుకున్న తరువాతే చేర్చండి.

ముందుగా, అక్కడి ఆయాలు ఎంతకాలంగా పనిచేస్తున్నారో అడగండి. ఈ వయసు బిడ్డ తల్లి లేని వేళ ఒక మనిషిని నమ్ముకుంటుంది. ఆ మనిషి మూడు నెలలకొకసారి మారిపోతుంటే బిడ్డ ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి. తరువాత, ముందుగా చెప్పకుండా మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో వెళ్లి, అనుమతి అడిగి, ఒక గంట కూర్చోండి. అన్నం తినిపించే సమయం, నిద్రపుచ్చే సమయం కలిసి వచ్చే ఆ గంటలో కేంద్రం అసలు తీరు తెలుస్తుంది. పిల్లవాడు ముద్ద ఉమ్మేస్తే ఆయా ముఖం ఎలా మారుతుంది? ఏడ్చే బిడ్డ దగ్గరకు ఎంతసేపటికి వెళుతుంది? పిల్లల కళ్ల ఎత్తుకు కూర్చుని మాట్లాడుతుందా, దూరం నుంచి కేకలు వేస్తుందా? సీసీ కెమెరా ఉండటం మంచిదే కానీ, మీ ఫోన్‌లో కనిపించే ఆ చిన్న బొమ్మలో గొంతులోని ఆప్యాయత గానీ, విసుగు గానీ తెలియదు. తల్లిదండ్రులు ఏ వేళలోనైనా లోపలికి రావచ్చని చెప్పని కేంద్రంలో, అది ఎంత పేరున్నదైనా, బిడ్డను చేర్చవద్దు.

మాటలు ఆలస్యమవుతాయన్న భయానికి సమాధానం కూడా ఇక్కడే ఉంది. అమెరికాలో 1991లో మొదలుపెట్టి వెయ్యికి పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన ఒక ప్రభుత్వ పరిశోధనలో, నాణ్యమైన సంరక్షణ పొందిన పిల్లలకు భాష, ఆలోచన కొంత మెరుగ్గా ఉన్నట్టు తేలింది. అంతకంటే ఎక్కువ ప్రభావం ఇంటిదీ, తల్లి స్పందించే తీరుదీ అని కూడా తేలింది. అంటే డే కేర్ అనగానే మాటలు ఆగిపోవు. బిడ్డ చూపించిన దానికి పేరు చెప్పి, అన్న మాటకు బదులు పలికే మనిషి ఉంటే మాటలు వస్తాయి. టీవీ ఆ పని చేయలేదు. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు స్క్రీన్ వద్దని మన భారతీయ పిల్లల వైద్యుల సంఘం స్పష్టంగా చెప్పింది. పెరట్లో కాకినీ, పిల్లినీ చూపిస్తూ తెలుగులో కబుర్లు చెప్పే ఆయమ్మ మీ పాపకు ఇంగ్లిష్ రైమ్స్ కంటే ఎక్కువ భాష ఇస్తుంది. అక్షరాల గురించి బెంగ పెట్టుకోకండి. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. అప్పటిదాకా చదువంతా ఆటపాటల్లోనే సాగాలని ఆ విధానం చెబుతోంది.

భద్రత విషయంలో నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది తిండి దగ్గరే. మన ప్రాంతంలో పిల్లల చేతిలో మురీలు, వేరుశనగ పలుకులు, జీడిపప్పు పెట్టడం మామూలు. పలాస పక్కనే ఉన్న మనకు జీడిపప్పు లేని ఇల్లు ఉండదు. కానీ దవడ పళ్లు పూర్తిగా రాని బిడ్డ పలుకును నమలలేదు. నవ్వినప్పుడో ఏడ్చినప్పుడో అది శ్వాసనాళంలోకి జారిపోతుంది. కొన్నిసార్లు ఊపిరి వెంటనే ఆగిపోతుంది. కొన్నిసార్లు ఒక పక్క ఊపిరితిత్తిలో ఇరుక్కుని, రోజుల తరబడి దగ్గు, పిల్లికూతలు వస్తుంటే ఆయాసమనో నిమోనియా అనో మందులు వాడుతూ ఉంటారు. నాలుగేళ్లు నిండేదాకా పలుకులు, జీడిపప్పు, శనగలు, పచ్చి క్యారెట్ ముక్కలు, కోయని ద్రాక్షపళ్లు పెట్టవద్దు. పొడి చేసి కలిపితే ఇబ్బంది లేదు. ఈ సంగతి టీచరుకు తెలుసో లేదో అడగండి. గొంతుకు ఏదైనా అడ్డుపడి ఊపిరాడకపోతే ఏం చేస్తారని కూడా అడగండి. బిడ్డను ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అయిదుసార్లు గట్టిగా చరచాలని, అప్పటికీ రాకపోతే పొట్టను లోపలికి, పైకి నొక్కాలని ఒక్కరైనా నేర్చుకుని ఉండాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకకూడదు.

పెంకుటింట్లో నుయ్యి ఉంటే దానికి గట్టి మూత ఉందో లేదో, వీధి గేటుకు పిల్లలకు అందని ఎత్తులో గడియ ఉందో లేదో, వంటగదికి విడిగా తలుపు ఉందో లేదో చూడండి. నీళ్లు నింపిన బకెట్ కూడా ఈ వయసు వారికి ప్రమాదమే. డెంగీ దోమ పగలే కుడుతుంది గనుక పెరట్లో కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, మూత లేని తొట్లు ఉండకూడదు. పై అంతస్తు కేంద్రం గురించి ఒక్క మాట: 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం పాఠశాలలో అగ్నిప్రమాదం జరిగి 94 మంది పిల్లలు చనిపోయారు. ఒకే మెట్లదారి ఉన్న పై అంతస్తులో నడక సరిగా రాని పాతికమందిని ఇద్దరు ఆడవాళ్లు కిందికి దింపగలరా అని ఆలోచించండి.

జలుబుల మాట నిజమే. చిన్న పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం సహజం; డే కేర్‌లో చేరిన మొదటి ఏడాది ఇంకొన్ని ఎక్కువే వస్తాయి. వాటిలో చాలావరకు వైరస్ వల్ల వచ్చేవి కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు, అడిగి మరీ రాయించుకోవద్దు. డైపరు మార్చిన ప్రతిసారీ, అన్నం పెట్టే ముందు ఆయాలు సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారా, ప్రతి బిడ్డకూ విడి గ్లాసు, తువ్వాలు ఉన్నాయా అని చూడండి. జ్వరం తగ్గి 24 గంటలు గడవని పిల్లలను రానివ్వకపోవడం మంచి కేంద్రం లక్షణం. ఆ నియమం మీ పాపకు వర్తించిన రోజు సెలవు పెట్టాల్సి వస్తుందని ఇప్పుడే మీ వారితో మాట్లాడి ఉంచుకోండి. 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా) రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) మొదటి బూస్టరు, పోలియో బూస్టరు వేయించారో లేదో కార్డులో చూడండి. ఏటా వేసే ఫ్లూ టీకా కూడా వేయించమంటాను.

మందుల సంగతి రాతపూర్వకంగా ఉంచండి. మీరు రాసి ఇవ్వని ఏ సిరప్పూ పాపకు పట్టించకూడదు. నిద్రమత్తు తెచ్చే జలుబు సిరప్పులు పట్టి పిల్లలను పడుకోబెట్టే చోట్లు ఉంటాయి గనుక, పాప రోజూ సాయంత్రం మత్తుగా, తూలుతూ వస్తుంటే వెంటనే ఆరా తీయండి.

చేర్చేటప్పుడు మొదటి రెండు మూడు రోజులు మీరో, మీ వారో ఒక గంట తనతోపాటే ఉండండి. ఆ తరువాత కొద్దికొద్దిగా సమయం పెంచుతూ రెండు వారాల్లో పూర్తి రోజుకు అలవాటు చేయండి. పాప ఆటలో ఉండగా చెప్పకుండా జారుకోవద్దు. సాయంత్రం వస్తానని చెప్పి, ముద్దు పెట్టి, ఆలస్యం చేయకుండా వెళ్లండి. నాయనమ్మ చీర ముక్కో, ఇంట్లో పడుకునే దుప్పటో వెంట పంపితే నిద్ర త్వరగా పడుతుంది. మొదటి రోజుల్లో దింపేటప్పుడు ఏడుపు మామూలే. మీరు వెళ్లిన కాసేపటికి ఊరడిల్లిందా లేదా అన్నదే అడిగి తెలుసుకోండి. నెల గడిచినా రోజంతా ఏడుస్తున్నా, తిండి మానేసినా, ఒక ఆయాను చూడగానే బిగుసుకుపోయినా, కారణం చెప్పలేని గాయాలు, కమిలిన మచ్చలు కనిపించినా ఆ కేంద్రం మాన్పించి పిల్లల వైద్యునికి చూపించండి. ఎవరైనా కొట్టారన్న అనుమానం ఉంటే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవచ్చు. ఇవేవీ లేకపోయినా, రెండేళ్లు నిండేసరికి 'అమ్మ రా', 'పాలు కావాలి' లాంటి రెండు పదాల మాటలు రాకపోతే డే కేర్‌ను తప్పుపట్టి ఊరుకోకుండా ముందు వినికిడి పరీక్ష చేయించండి.